విల్లు కన్నా నారి పొట్టి

విల్లెంత పొడవో నారీ అంతే ఉండాలని చాలామంది అనుకుంటారు. అలా కడితే విల్లు వంగనే వంగదు, వంగని విల్లుకు బలం లేదు. అందుకే కొనలు ముందుకు తిరిగిన రికర్వ్ విల్లుకు నారి 4 అంగుళాలు తక్కువ ఉంటుంది. విల్లు 66 అయితే నారి 62. తిన్నని పొడుగు విల్లుకైతే 3 అంగుళాలు తగ్గిస్తే చాలు.

ఇది మొదటి లెక్క మాత్రమే. అసలు పరీక్ష నారి ఎక్కించాక, పిడికీ నారికీ మధ్య ఎడం కొలిచినప్పుడు. 66 అంగుళాల రికర్వ్‌కు ఆ ఎడం సుమారు ఎనిమిదింపావు నుంచి ఎనిమిదిముప్పావు అంగుళాలు. నారి పొడవైతే ఎడం తగ్గి, బాణం వదలగానే ముంజేయి చురుక్కుమంటుంది. మరీ పొట్టిదైతే విల్లు మీద భారం పెరుగుతుంది, బాణాన్ని తోసే దూరమూ తగ్గిపోతుంది.

కొద్ది తేడాకు కొత్త నారి అక్కర్లేదు. నారి దించి, ఒక కొస కన్ను తీసి, పోగులు పురి తిరిగిన వైపే నాలుగైదు మెలికలు వేసి మళ్లీ తగిలిస్తారు. నారి కాస్త కురచవుతుంది, ఎడం పెరుగుతుంది. ఎదురు వైపు తిప్పితే పురి విడిపోతుంది.

అన్ని నారులకూ ఈ మెలిక కుదరదు. తిరువూరు మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి భద్రాచలం దాటి బస్తరు చేరుతుంది. అక్కడి ఆదివాసుల విళ్లకు నారి కూడా వెదురు బద్దే. బద్దను మెలిపెట్టి సరిచేయడం కుదరదు కాబట్టి కోసేటప్పుడే కొలత కుదరాలి. ఆ చేతి అంచనాను మించిన కొలబద్ద లేదనిపిస్తుంది నాకు.

అర్థశాస్త్రంలో కౌటిల్యుడు నారికి పనికొస్తాయని చెప్పినవాటిలో వెదురుంది, చాగనార ఉంది, జనుము ఉంది, జంతువుల నరం ఉంది. మన పొలాల గట్ల మీది జిల్లేడూ ఉంది!

బస్తరు చేర్చే ఆ 30వ నంబరు రహదారికి ఒక కొస విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం. 2024 పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టు పోటీలో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానంలో నిలిచిన బొమ్మదేవర ధీరజ్‌ది విజయవాడే. అతనిది రికర్వ్ కనుక ఈ లెక్కలన్నీ వర్తిస్తాయి. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖదీ ఆ ఊరే. ఆమె వాడేది కాంపౌండ్, కప్పీల విల్లు. దానికి నారి కొలత తయారీదారు చెప్పిందే.

మీ ఇంట్లో పాత కర్రవిల్లు ఉంటే, బొత్తిగా సాగని కొత్తరకం నారి దానికి కట్టకండి, కొనలు చీలిపోవచ్చు. కాస్త సాగే డాక్రాన్ నారి కట్టండి. ఆట అయ్యాక దించడం మరవకండి.