పావగడ పిల్లల దగ్గరున్న ప్రశ్నలు

పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాలోదే. అయినా పటం తీసి చూస్తే దాని చుట్టూ దాదాపు అన్ని పక్కలా ఆంధ్రప్రదేశే కనిపిస్తుంది: ఒకవైపు మడకశిర, హిందూపురం, ఇంకోవైపు పెనుకొండ, కళ్యాణదుర్గం. ఇక్కడ చాలా ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. పెళ్లి సంబంధాలు, సంత బేరాలు రాష్ట్రాల గీత చూసుకుని జరగవు. ఇలాంటి చోట పెరిగే పిల్లలకు సరిహద్దు దాటడం రోజువారీ పని.

‘ప్రపంచ పౌరసత్వం, పర్యావరణం’ పేరిట అంతర్జాతీయ పాఠశాలలు జరిపే విద్యార్థి సదస్సుల గురించి చెప్పేటప్పుడు మాత్రం ఎవరికీ పావగడ గుర్తు రాదు. గుర్తు రావాలి. ఆ సదస్సుల్లో చర్చకు వచ్చే విషయాలు చాలావరకు ఈ తాలూకా పొలాల్లో, బోర్లలో, ఏటి ఒడ్డున కళ్లెదుటే ఉన్నాయి.

ఈ సదస్సులు కొత్తవేమీ కావు. జర్మనీలో పుట్టిన విద్యావేత్త కర్ట్ హాన్ ఆలోచనల మీద 1966లో మొదలైన ‘రౌండ్ స్క్వేర్’ అనే పాఠశాలల కూటమి పర్యావరణాన్ని, అంతర్జాతీయ దృష్టిని, సేవను తన మూలసూత్రాల్లో చేర్చుకుని, సభ్య పాఠశాలల పిల్లలను ఒకచోట కూర్చే సదస్సులు నడుపుతోంది. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో నాలుగోది చదువు. ప్రతి విద్యార్థికీ సుస్థిర జీవనం, ప్రపంచ పౌరసత్వం గురించి నేర్పాలన్న మాట దాని కిందనే ఉంది. అంటే ఇది ఖరీదైన బళ్లకు పరిమితమైన ముచ్చట కాదు. పావగడ సర్కారు బడి పిల్లకూ అంతే హక్కు ఉంది.

ఇక పావగడ సంగతి. వర్షం ఏడాదికి ఐదారు వందల మిల్లీమీటర్లు, అదీ నమ్మకం లేదు. శెనక్కాయ వేసి ఆకాశం వైపు చూసి, కరువులో బెంగళూరుకు కూలికి పోయిన కుటుంబాలు ఇక్కడ లెక్కలేనన్ని. అలాంటి నేల మీద తిరుమణి, వళ్లూరు, బళసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే ఐదు ఊళ్ల పరిధిలో సుమారు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. దాన్ని కట్టడానికి కేంద్ర, రాష్ట్ర సంస్థలు కలిసి 2015లో ఒక కంపెనీ పెట్టాయి. 2018 మార్చి 1న తొలి దశ మొదలైంది, 2019 చివరికి మొత్తం సామర్థ్యం 2,050 మెగావాట్లకు చేరింది. అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద సోలార్ పార్కుల్లో ఇదొకటి.

ఈ పార్కులో అద్దాల పలకల కన్నా ఆసక్తికరమైనది భూమి ఒప్పందం. ప్రభుత్వం రైతుల దగ్గర భూమి కొనలేదు, దీర్ఘకాలానికి కౌలుకు తీసుకుంది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంచేలా మాట కుదిరింది. పట్టా రైతు పేరునే ఉంటుంది. వానలు పడని ఏడు కూడా డబ్బు వస్తుంది కాబట్టి భూమి ఉన్నవాళ్లలో చాలామందికి ఇది ఊరట.

భూమి లేనివాళ్ల మాటేమిటి? శెనక్కాయ పీకే పని, కలుపు తీసే పని పోతే కూలికి వెళ్లే ఆడవాళ్లకు కౌలు డబ్బులో వాటా రాదు. గొర్రెలు, మేకలు తోలుకుపోయే బీడు కంచె లోపలికి పోతే మేపుకునేవాడికి పరిహారం లెక్క కట్టేదెవరు? పలకల మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది కాబట్టి కడగాలి, కడగాలంటే నీళ్లు కావాలి, ఆ నీళ్లు కరువు నేలలో ఎక్కడివి? కౌలు గడువు తీరాక ఆ నేల మళ్లీ దున్నడానికి పనికొస్తుందా? బొగ్గు పొగ లేని కరెంటు భూగోళానికంతటికీ మేలు, అందులో అనుమానం లేదు. అయితే ఆ మేలు కోసం ఎవరు ఏం వదులుకున్నారన్న లెక్క ఊళ్లోనే తేలాలి. జెనీవాలోనో సింగపూర్‌లోనో ‘న్యాయమైన ఇంధన మార్పు’ అని గంటల తరబడి చర్చించేది దీన్నే. తిరుమణి పిల్లకు అది పక్కింటి అవ్వను అడిగి తెలుసుకోగల విషయం.

నీటి సంగతి మరో పాఠం. పెన్న, అంటే ఉత్తర పినాకిని, నంది కొండల్లో కర్ణాటకలో పుడుతుంది. హిందూపురం దగ్గర ఆంధ్రలోకి వస్తుంది. నాగలమడికె దగ్గర పావగడ తాలూకాను తాకి, మళ్లీ ఆంధ్రలోకి దిగి, నెల్లూరు దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ నీళ్లను ఎవరెంత ఆపుకోవాలన్న పేచీ పాతదే. నదుల మీద కొత్త కట్టడాలు, చెరువుల గురించి మైసూరు సంస్థానం, మద్రాసు ప్రభుత్వం 1892లోనే ఒప్పందం రాసుకున్నాయి. నైలు, మెకాంగ్ నదుల గురించి పుస్తకంలో చదివే ముందు ఈ ఒక్క ఏటి కథ తెలిసినా దేశాల మధ్య నీటి తగవు పిల్లలకు అర్థమవుతుంది.

పారే నీళ్లు లేనప్పుడు బోరే దిక్కు. బోరు లోతుకు పోయేకొద్దీ రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్ల పళ్ల మీద మరకలు పడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలు బిగుసుకుంటాయి. పావగడ ఈ బాధ బాగా ఎరిగిన తాలూకా. ఇక్కడి పిల్లలు దీన్ని పాఠంగా కాక పెద్దల మోకాళ్ల నొప్పుల్లో చూసి ఉంటారు.

పల్లె బడి పిల్లలు అంత పెద్ద వేదిక ఎక్కగలరా అని అడిగేవాళ్లకు పొరుగు రాష్ట్రంలోనే జవాబుంది. 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు పది మంది, వాళ్లలో ఎనిమిది మంది ఆడపిల్లలే, న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయానికి వెళ్లారు. సుస్థిరాభివృద్ధి లక్ష్యాల శిఖరాగ్ర సమావేశం జరిగిన రోజులవి. కస్తూర్బా విద్యాలయాల్లో చదివే పేదింటి అమ్మాయిలు తమ బడి గురించి, తమ ఊరి గురించి అక్కడ చెప్పారు. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో మాట్లాడిన తిరువణ్ణామలై అమ్మాయి వినీషా ఉమాశంకర్ కూడా అప్పటికి బడి పిల్లే. వీధిలో ఇస్త్రీ బండి వాడే బొగ్గు చూసి, దాని బదులు ఎండతో నడిచే బండిని ఆమె రూపొందించింది. పెద్దల ముందు నిలబడినప్పుడు ఆమె మాటకు బలం ఆ బండి నుంచే వచ్చింది.

ఈ వ్యాస రచయిత పట్టుబట్టి చెప్పదలచింది ఇదే. టీచరు రాసిచ్చిన ప్రసంగాన్ని బట్టీపట్టి, విమానమెక్కి, ఫొటోలు దిగి వచ్చే పిల్లకు సదస్సు ఒక విహారం మాత్రమే. తన ఊరి బోరు నీళ్లు పరీక్ష చేసి, కౌలుకిచ్చిన రైతునూ పని పోయిన కూలీనీ ఇద్దరినీ అడిగి వెళ్లిన పిల్ల నోట వచ్చే మాట వేరు. కెనడా పిల్లో కెన్యా పిల్లో ఎదురు ప్రశ్న వేస్తే ఆమె తడబడదు.

అలా తయారు కావడానికి విదేశీ టికెట్టు అక్కర్లేదు. పర్యావరణ విద్య బళ్లలో తప్పనిసరి అని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఎకో క్లబ్బులకు ప్రభుత్వ పథకం ఉంది. 1993 నుంచి దేశమంతటా జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో పదేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు తమ ఊరి సమస్యనే ప్రాజెక్టుగా తీసుకోవాలి. బాగుంటే జిల్లా, రాష్ట్రం దాటి జాతీయ స్థాయికి వెళ్తారు. నాగలమడికె బడి పిల్లలు ఈ ఏడాది చేయదగిన పనులు ఎదురుగానే ఉన్నాయి: వానకు ముందూ తర్వాతా ఊరి బోర్లలో ఫ్లోరైడ్ ఎంత మారుతోంది, సోలార్ కంచె పడ్డాక గొర్రెల మందలు ఏ దారి పట్టాయి, కౌలు డబ్బు ఇంట్లో ఎవరి చేతికి వస్తోంది. ఇందుకు కావాల్సింది ఒక నోటుపుస్తకం, నీటి పరీక్ష కిట్టు, వాళ్లతో పాటు ఎండలో తిరిగే ఓపిక ఉన్న సైన్సు మేష్టారు.