దోషస్థానమునకు నేరుగా చేరుట

సీ భాషలో తొలి ప్రోగ్రాము వ్రాసిన విద్యార్థిని అధైర్యపరచునది తన తప్పు కాదు. ఆ తప్పును గూర్చి కంపైలరు తెరనిండ వెదజల్లు ఆంగ్ల వాక్యములు. ఇంట తెలుగును, వీథిలో కన్నడమును వినుచు పెరుగు మన దోణిమలై బాలబాలికలు వానిని చూచి ‘ఈ విద్య మనకు రాదు’ అని వెనుదీయుట మేమెరుగుదుము. ఆ భయము నిష్కారణమని చూపుటకే ఈ వ్యాసము.

దోషవాక్యమునందు సాధారణముగ నాలుగు భాగములుండును: ఫైలు పేరు, పంక్తిసంఖ్య, ఆ పంక్తిలో స్థానము, వివరణము. ‘లెక్క.సీ:12:5’ అని యున్నచో ఆ ఫైలున 12వ పంక్తిలో 5వ స్థానమును చూడుమని యర్థము. మొదటి మూడింటికి ఆంగ్లపాండిత్య మక్కరలేదు. వానిని చదివి యచ్చటికి కొనిపోవు పనిని ఎడిటరునకే అప్పగింపవచ్చును.

బ్రామ్ మూలెనార్ రచించి 1991లో వెలువరించిన విమ్ అను ఎడిటరులో ఈ సౌకర్యమునకు క్విక్‌ఫిక్స్ అని పేరు. అమిగా యంత్రములపై మాంక్స్ వారి అజ్టెక్ సీ కంపైలరులోని ఏర్పాటు దీనికి స్ఫూర్తి. ఇందు రెండు అమరికలు ముఖ్యములు. ‘మేక్‌పీఆర్‌జీ’ పిలువవలసిన కంపైలరును తెలుపును. ‘ఎర్రర్‌ఫార్మాట్’ దోషవాక్యపు రూపమును తెలుపును. అందు శాతపు గుర్తు వెంట ఎఫ్ ఫైలును, ఎల్ పంక్తిని, సీ స్థానమును, ఎమ్ వివరణమును సూచించును. గనిలో జల్లెడ పెద్దరాళ్లను పొడినుండి వేరుపరచునట్లు, ఇది పనికివచ్చు వాక్యములను తక్కినవానినుండి వేరుపరచును. జీసీసీ కంపైలరు వాక్యరూపమును విమ్ ముందే యెరుగును.

పిమ్మట కోలన్ గుర్తుతో ‘మేక్’ అని ఆజ్ఞాపించినచో కర్సరు మొదటి దోషముకడ నిలుచును. ‘సీనెక్స్ట్’ తరువాతి దోషమునకును, ‘సీప్రీవియస్’ వెనుకటిదానికిని కొనిపోవును. ‘సీఓపెన్’ జాబితాను చూపును. ఈ యాజ్ఞలను ఎఫ్5, ఎఫ్6 వంటి మీటలకు ముడిపెట్టి విమ్‌ఆర్‌సీ ఫైలున వ్రాసికొన్నచో ప్రతిదినమును ఉపకరించును. ఈమాక్స్ ఎడిటరులో ‘కంపైల్’, ‘నెక్స్ట్ ఎర్రర్’ అను ఆజ్ఞలు ఇట్టి పనినే చేయును.

ఇచట నొక హెచ్చరిక. ఒక్క కుండలీకరణము మరచినను పది దోషములు కనుపట్టవచ్చును. కావున మొదటిదానిని దిద్ది, మరల కంపైలు చేయవలెను. తక్కినవి పెక్కు తామే తొలగును. మఱియు కంపైలరు చూపునది దోషము తనకు తెలిసిన చోటు; అది పుట్టిన చోటు పైపంక్తిలో నుండవచ్చును. సెమికోలన్ విడిచినపుడు కొన్ని కంపైలరులు తరువాతి పంక్తిని చూపుట ఇందుకు నిదర్శనము.

ఇక నాలుగవ భాగమైన వివరణము మిగిలినది. నిత్యము ఎదురగు వాక్యములు కొన్నియే. ‘అన్‌డిక్లేర్డ్’ అనగా ముందు ప్రకటింపని పేరు; ‘ఎక్స్‌పెక్టెడ్’ అనగా అచట నుండవలసిన గుర్తు లేదని భావము. ఎదురైన ప్రతిదానికిని తెలుగు అర్థమును నోటుపుస్తకమున వ్రాసికొనుడు. కొలదిదినములలో ఆ పుస్తకమును తెరువవలసిన యవసరము తగ్గిపోవుటను మీరే గమనింతురు.