అమ్ముడుపోయిన కుక్క తిరిగి వచ్చిన కథ

ఇంటిలో రొక్కానికి ఇబ్బంది ఏర్పడినప్పుడు మీరు మొదట దేనివైపు చూస్తారు? బంగారం ఉన్నవారు బంగారం వైపు, లేనివారు పశువుల కొట్టం వైపు. ఇంగ్లాండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో ఒక పేద కుటుంబం ఇదే స్థితిలో తమ కుక్కను అమ్ముకున్న కథను అమెరికాలో 1943లో చలనచిత్రంగా నిర్మించారు. దాని పేరు ‘లాస్సీ కమ్ హోమ్’. లాస్సీ ఇంటికి రా అని అర్థం. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగిన చిత్రం. అయితే అప్పు, అమ్మకం, మాట అనే మూడింటితో నిత్యం వ్యవహరించే మీవంటివారు దానిని మరొక దృష్టితో కూడా చూడవచ్చును.

లాస్సీ కోలీ జాతి కుక్క. స్కాట్లాండు, ఉత్తర ఇంగ్లాండు కొండలలో గొర్రెల మందలను మళ్ళించడానికి తరతరాలుగా పెంచిన జాతి అది. శాం కారక్లఫ్ కుమారుడైన జో బడి విడిచే వేళకు, అనగా సాయంత్రం నాలుగు గంటలకు, ప్రతిదినం బడి ముందు నిలిచి ఉండడం లాస్సీ అలవాటు. శాంకు పని లేదు. ఇల్లు గడవడం కష్టమైనది. ఆ కుక్కపై ఎంతో కాలంగా మనసుపడిన రడ్లింగ్ ప్రభువు వెల చెల్లించి దానిని తీసుకొనిపోతాడు.

కుక్కకు క్రయపత్రం తెలియదు గదా! కట్టు తప్పించుకుని మళ్ళీ మళ్ళీ బడి ముందుకే వస్తుంది. వచ్చిన ప్రతిసారీ తండ్రి దానిని కొన్నవారికే అప్పగింపజేస్తాడు. కుమారుని కన్నీరు చూస్తూ కూడా ఆయన ఆ పని తప్పించుకోడు. తీసుకున్న డబ్బు ఖర్చయిపోయినది, ఇచ్చిన మాట మాత్రం మిగిలి ఉన్నది. నాకు చిత్రమంతటిలో ఎక్కువగా నచ్చిన పాత్ర ఆయనదే.

తరువాత కుక్కను దూరాన స్కాట్లాండుకు తరలిస్తారు. ప్రభువు మనుమరాలు ప్రిసిల్లా జాలిపడి అది పారిపోవడానికి తోడ్పడుతుంది. బాలనటిగా ఎలిజబెత్ టేలర్ వేసిన పాత్ర ఇది. అక్కడినుండి కొండలు, నదులు దాటుతూ, మందల కాపరుల తుపాకులను తప్పించుకుంటూ కుక్క దక్షిణానికి నడుస్తుంది. దారిలో ఒక వృద్ధ దంపతులు దానిని బ్రతికిస్తారు. నాలుగు గంటల వేళకు అది తలుపు వద్ద తచ్చాడడం గమనించి, దీనికి వెళ్ళవలసిన చోటు ఒకటి ఉన్నదని గ్రహించి సాగనంపుతారు. చివరకు కుంటుతూ బడి ముందుకు చేరుతుంది. అప్పుడు రడ్లింగ్ ప్రభువు ఈ కుక్క నాది కాదని చెప్పి హక్కు వదులుకుంటాడు. శాంకు కుక్కల పోషణలో కొలువు ఇస్తాడు. వ్యాపారస్థులైన పాఠకులు ఈ కొనుగోలుదారును గుర్తుంచుకోవలెనని నా కోరిక. అటువంటివారు అరుదు.

మూల నవల 1940లో వెలువడినది. రచయిత ఎరిక్ నైట్ యార్క్‌షైర్‌లో పుట్టినవాడే. చిత్రం విడుదల కాకముందే, 1943 జనవరిలో, విమాన ప్రమాదంలో మరణించాడు. లాస్సీ ఆడకుక్క అయినా, నటించినది పాల్ అనే మగకుక్క. మోటారు సైకిళ్ళ వెంట పడే దాని దురలవాటు మాన్పమని యజమాని శిక్షకుడు రడ్ వెదర్‌వాక్స్‌కు అప్పగించాడట. శిక్షణ రుసుముకు బదులుగా కుక్కనే వదిలిపెట్టాడట. బాకీ కింద జమ అయిన కుక్క లోకప్రసిద్ధమైనది! పైగా 1954 నుండి 1973 వరకు నడిచిన టెలివిజన్ ధారావాహికలో దాని సంతతివే నటించినవి.

ఈ చిత్రం చూస్తున్నంతసేపు నాకు మా సర్కిల్‌లోని ఒక రైతు గేదె జ్ఞాపకం వచ్చినది. కుమార్తె ఆసుపత్రి ఖర్చుకై ఆయన చూడిగేదెను నాలుగు మైళ్ళ దూరంలోని ఊరివారికి తక్కువ ధరకు అమ్మినాడు. మూడవ నాటి ఉదయం అది తెగిన పలుపుతో పాత కొట్టం ముందు నిలబడి ఉన్నది. ఆయనే దానిని తోలుకుని వెళ్ళి అప్పగించి వచ్చినాడు. “డబ్బు తీసుకున్నాను గదా సారూ, మరేమి చేసేది?” అన్నాడు.

నన్ను కలచినది వేరొకటి. ఆయన వద్ద కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్నది. 2012లో సవరించిన పథకం ప్రకారం పంట రుణ పరిమితి కట్టేటప్పుడు పంటకోత అనంతర, గృహ అవసరాల నిమిత్తం 10 శాతం కలుపుతారు. 2018-19 కేంద్ర బడ్జెట్టులో ఈ కార్డును పశుపోషకులకు, మత్స్యకారులకు సైతం వర్తింపజేస్తున్నట్లు ప్రకటించారు. అదీ అప్పే, వడ్డీతో తీర్చవలసినదే. కాని ఆ పది శాతంలో ఆయన ఒక్క రూపాయి కూడా వాడలేదు. అది ఉన్నదనే ఆయనకు తెలియదు. ఆ సంవత్సరం నేను ఆయన పొలం రెండుసార్లు చూసి వచ్చినాను. పంట గురించి అడిగినాను, ఇంటి గురించి అడగలేదు. మీ శాఖకు వెళ్ళినప్పుడు మీ పరిమితిలో ఈ భాగం ఎంత ఉన్నదో వ్రాయించి తీసుకోండి. మావంటివారు చెప్పేవరకు వేచి ఉండకండి.

నెల తరువాత ఆయనను కలిసినప్పుడు గేదె మళ్ళీ వచ్చినదా అని అడిగినాను.

“ఇక రాదు సారూ, అక్కడే ఈనింది. పెయ్యదూడ” అన్నాడు.