నానమ్మ తాజ్‌మహల్ ఫోటో పెద్ద ఫ్రేమ్‌లో ఎందుకు పాడైంది?

ఆగ్రా వెళ్ళొచ్చిన వాళ్ళింట్లో తాజ్‌మహల్ ముందు దిగిన ఫోటో ఒకటి గోడ మీద ఉంటుంది కదా. ఈ ఎపిసోడ్ దాని గురించే. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఉంది.

2016లో, నేను బీటెక్ చదువుతున్నప్పుడు, తాతయ్యని, నానమ్మని ఆగ్రా తీసుకెళ్ళా. తాజ్ ముందు ఇద్దరినీ నిలబెట్టి నా ఫోన్‌తో ఫోటో తీశా. ఆ రాత్రే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేశా. తర్వాత ఫోన్ మార్చినప్పుడు "గ్రూప్‌లో ఉందిగా" అనుకుని బ్యాకప్ తీసుకోలేదు. పోయినేడాది తాతయ్య పోయారు. "ఒరేయ్, ఆ తాజ్‌మహల్ ఫోటో పెద్దది చేయించి హాల్లో పెట్టరా" అంది నానమ్మ.

అమలాపురంలో 24 బై 18 అంగుళాల ప్రింట్ వేయించా. తాతయ్య మొహం అంతా గళ్ళు గళ్ళుగా వచ్చింది.

ఎందుకో చూద్దాం. ఫోటో అంటే చిన్న చిన్న రంగు చుక్కలు, అంటే పిక్సెల్స్. 12 మెగాపిక్సెల్ కెమెరా ఫోటోలో దాదాపు 4000 బై 3000 ఉంటాయి. దాన్ని 24 అంగుళాల వెడల్పుకి సాగదీస్తే అంగుళానికి 166 చుక్కలు వస్తాయి. గోడ మీద చూడటానికి అది చాలు. కానీ వాట్సాప్ మామూలుగా పంపితే ఫోటోని కుదించేస్తుంది. నా దగ్గర మిగిలింది 1280 బై 960. అంగుళానికి 53 చుక్కలే!

సరే, ఏఐ యాప్‌లో పెట్టి క్లియర్ చేద్దాం అనుకున్నా. తాజ్ తళతళలాడింది. నానమ్మకి చూపిస్తే, "ఈయనెవర్రా?" అంది. లేని చుక్కల్ని ఏఐ ఊహించి నింపుతుందండీ. తాతయ్య మొహాన్ని కూడా అలాగే ఊహించేసింది.

చివరికి ఏం చేశానంటే, అదే వాట్సాప్ ఫోటోని 8 బై 6 అంగుళాల్లో ప్రింట్ తీశా. ఇప్పుడు అంగుళానికి 160 చుక్కలు. చుట్టూ వెడల్పుగా తెల్ల మౌంట్ బోర్డు వేయించి, 16 బై 12 ఫ్రేమ్‌లో పెట్టించా. ఫ్రేమ్ పెద్దదే, ఫోటో మాత్రం దానికి తగ్గ సైజులో ఉంది.

మౌంట్ వల్ల ఇంకో లాభం ఉంది. మన కోనసీమ గోదావరి పాయల మధ్య, సముద్రం పక్కన ఉంది. గాలిలో తేమ ఎక్కువ. ప్రింట్ అద్దానికి ఆనితే తేమకి అతుక్కుపోవచ్చు, లాగితే రంగు ఊడొస్తుంది. మౌంట్ ఉంటే మధ్యలో ఖాళీ ఉంటుంది. ఫ్రేమ్ వెనక కింది మూలల్లో చిన్న రబ్బరు ముక్కలు అంటించండి, గోడకీ ఫ్రేమ్‌కీ మధ్య గాలి ఆడుతుంది. వానకి చెమ్మెక్కే గోడకి మాత్రం తగిలించొద్దు.

ఇక మీరు చేయాల్సినవి మూడే. ఫోటో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. ప్రింట్‌కి ఇచ్చే ముందు గ్యాలరీలో డీటెయిల్స్ తెరిచి, పిక్సెల్స్‌ని అంగుళాలతో భాగించండి. 150 దాటితే ధైర్యంగా ఇవ్వండి. ఫోన్ మార్చేముందు ఒరిజినల్స్ వేరేచోట దాచుకోండి.

తాజ్‌మహల్ ఎక్కడికీ పోదు, ఇంకో ఫోటో ఎప్పుడైనా తీసుకోవచ్చు. దాని ముందు నిలబడ్డ మనిషికి ఆ అవకాశం ఉండదు. మీ తాతయ్య ఫోటో ఒరిజినల్ ఎక్కడుందో ఈ రోజే వెతకండి. ఉంటానండీ, బై!