'ఆల్ సీజన్' టైరు అన్ని కాలాలకూ సరిపోతుందా?

కారు ఎంత పెద్దదైనా అది రోడ్డును తాకేది నాలుగు చోట్లే. ఒక్కో చోట నేలకు ఆనే రబ్బరు దాదాపు అరచేయంత ఉంటుంది. బండి ముందుకు కదలాలన్నా, మలుపు తిరగాలన్నా, బ్రేకు వేస్తే ఆగాలన్నా అవసరమైన బలం మొత్తం ఆ నాలుగు అరచేతుల గుండానే రావాలి. రోడ్డు పొడిగా ఉన్నప్పుడు దీని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. వాన పడినప్పుడో, మంచు కురిసినప్పుడో అసలు పరీక్ష మొదలవుతుంది.

ఈ పరీక్షలన్నింటికీ ఒకే జవాబుగా వచ్చినవే 'ఆల్ సీజన్' టైర్లు. అమెరికాలో గుడ్‌ఇయర్ కంపెనీ 1977లో 'టియెంపో' పేరుతో ఇలాంటి టైరును మార్కెట్లోకి తెచ్చింది. ఏటా చలికాలానికి ముందు ఒక జత టైర్లు, ఆ తర్వాత ఇంకో జత మార్చుకునే బాధ తప్పించడమే దాని ఉద్దేశం. ఇప్పుడు ఉత్తర అమెరికాలో అమ్ముడయ్యే కొత్త కార్లలో అత్యధిక భాగం వీటితోనే వస్తాయి. షికాగోలోనో, న్యూజెర్సీలోనో తొలి కారు కొనుక్కునే తెలుగు కుటుంబానికి దొరికేవీ సాధారణంగా ఇవే. పేరు విని అన్ని కాలాలకూ నిశ్చింత అనుకుంటే మాత్రం చిక్కే. ఎందుకో భౌతికశాస్త్రం చెబుతుంది.

నీటిని తోసేయడానికి మిల్లీసెకన్లే గడువు

తడి రోడ్డు మీద టైరు చేయాల్సిన మొదటి పని నీటిని పక్కకు తోసి, కింద ఉన్న తారును తాకడం. ఒక చిన్న లెక్క చూద్దాం. టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, రోడ్డుపై నీరు 3 మిల్లీమీటర్లు, వేగం గంటకు 80 కిలోమీటర్లు అనుకుంటే, ఒక్క టైరు సెకనుకు సుమారు 12 లీటర్ల నీటిని తప్పించాలి. రబ్బరులోని ఒక్కో భాగం నేలకు ఆని ఉండేది దాదాపు 7 మిల్లీసెకన్లే. అంత తక్కువ వ్యవధిలో నీరు బయటికి పోవడానికి దారి చూపేవే టైరు మీది గాడులు.

నీరు తప్పుకునే వేగం కన్నా బండి వేగం ఎక్కువైతే టైరు ముందు నీరు మేకులా దూరుతుంది. క్రమంగా టైరును పైకి లేపుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా బండి తిరగదు, బ్రేకు తొక్కినా ఆగదు. దీన్ని హైడ్రోప్లానింగ్ అంటారు. నాసా లాంగ్లీ పరిశోధన కేంద్రంలో వాల్టర్ హార్న్ బృందం 1960ల్లో విమానాల టైర్లపై ప్రయోగాలు చేసి, ఈ వేగం టైరులోని గాలి పీడనపు వర్గమూలాన్ని బట్టి మారుతుందని తేల్చింది. ఆ సూత్రం ప్రకారం 32 పీఎస్ఐ గాలి ఉన్న టైరు గంటకు సుమారు 94 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. గాలి 24 పీఎస్ఐకి తగ్గితే 82 కిలోమీటర్లకే తేలుతుంది. గాడులు నిండిపోయేంత నీరు ఉన్నప్పుడు, లేదా టైరు నున్నగా అరిగిపోయినప్పుడు ఈ లెక్క వర్తిస్తుంది. గాడులు లోతుగా ఉంటే కొంత వెసులుబాటు దొరుకుతుంది.

కొత్త కారు టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. మన మోటారు వాహనాల నిబంధనలు కార్లకు కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలంటున్నాయి. 1.6 మిల్లీమీటర్లకు చేరిన టైరు చట్టం ప్రకారం చెల్లుతుందేమో గానీ, జోరువానలో కొత్త టైరుతో ఏమాత్రం పోటీపడలేదు. కాబట్టి వానలో టైరు ఏ రకమన్నది ఎంత ముఖ్యమో, ఎంత అరిగిందన్నదీ అంతే ముఖ్యం. గాడులు లోతుగా ఉన్న ఆల్ సీజన్ టైరు తడి రోడ్డుపై బాగానే పనిచేస్తుంది.

చలికి బిగుసుకునే రబ్బరు

తారురోడ్డు కంటికి నున్నగా కనిపించినా, దాని మీద సన్నటి ఎగుడుదిగుళ్లు ఉంటాయి. మెత్తటి రబ్బరు వాటిలోకి ఒదిగి, జారేటప్పుడు పదేపదే సాగుతూ ముడుచుకుంటూ శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది. టైరు పట్టులో పెద్ద వాటా ఇదే. రబ్బరు గట్టిపడితే ఆ ఒదుగు పోతుంది.

ప్రతి రబ్బరుకూ ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. దానికి దిగువన అది గాజులా పెళుసుబారుతుంది. టైర్లలో వాడే చాలా రబ్బర్లకు ఇది సున్నాకు ఎన్నో డిగ్రీల కింద ఉంటుంది. మరి వేసవి టైర్ల పట్టు 7 డిగ్రీల దగ్గరే తగ్గుతుందని ఎందుకంటారు? జవాబు వేగంలో ఉంది. టైరు జారేటప్పుడు రబ్బరుకు సెకనుకు వేల సంఖ్యలో తాకిళ్లు తగులుతాయి. అంత త్వరగా సాగి ముడుచుకోలేక అది ఉన్నదానికన్నా చల్లగా ఉన్నట్టే, అంటే మరింత గట్టిగా ప్రవర్తిస్తుంది. అందుకే గడ్డకట్టే చలి రాకముందే పట్టు సడలుతుంది. 7 డిగ్రీలు ఒక గుర్తు మాత్రమే, అక్కడ ఉన్నట్టుండి ఏమీ మారిపోదు.

చలికాలపు టైర్లలో తక్కువ ఉష్ణోగ్రతలోనూ మెత్తగా ఉండే మిశ్రమం వాడతారు. దాన్ని ఎండాకాలంలో నడిపితే త్వరగా అరుగుతుంది, బ్రేకు వేసినప్పుడు మెత్తగా కదులుతుంది. ఆల్ సీజన్ టైరు మిశ్రమం ఈ రెండింటికీ మధ్యస్థం. ఎండలో వేసవి టైరుకు, గట్టి చలిలో చలికాలపు టైరుకు అది కొంత తీసికట్టే. 1990ల నుంచి మిశ్రమంలో సిలికా వాడకం పెరగడంతో ఈ తేడా తగ్గింది కానీ మాసిపోలేదు.

మంచు మీద ఎంత దూరంలో ఆగుతుంది?

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారును తీసుకుందాం. ఘర్షణ గుణకం 0.8 ఉండే పొడి రోడ్డుపై, బ్రేకు పట్టాక అది సుమారు 18 మీటర్లలో ఆగుతుంది. తడి రోడ్డుపై గుణకం 0.5 అయితే 28 మీటర్లు, అణిగిన మంచుపై 0.25 అయితే 57 మీటర్లు, గాజులాంటి మంచుగడ్డపై 0.1 అయితే ఏకంగా 142 మీటర్లు కావాలి. డ్రైవరు తేరుకుని బ్రేకు తొక్కడానికి పట్టే ఒక్క సెకనులో బండి మరో 17 మీటర్లు వెళ్తుంది.

చలికాలపు టైర్ల మీద కత్తితో గీసినట్టు వందలాది సన్నటి చీలికలు ఉంటాయి. వాటి అంచులు మంచును కరిచి పట్టుకుంటాయి. గాడుల్లో చిక్కిన మంచు కింది మంచుకు అతుక్కుని అదనపు పట్టునిస్తుంది. ఆల్ సీజన్ టైర్లకూ చీలికలు ఉంటాయి కానీ తక్కువ. సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉన్న మంచుగడ్డపై సన్నటి నీటి పొర ఏర్పడుతుంది. అప్పుడది మరింత జారుతుంది.

గుర్తులు చెప్పేదేమిటి?

టైరు పక్కగోడ మీద 'ఎం ప్లస్ ఎస్' అని ఉంటే, బురదకూ మంచుకూ అనువైన గాడుల ఆకృతి ఉందని అర్థం. ఆ గుర్తుకు మంచుపై పరీక్ష అక్కర్లేదు. మూడు శిఖరాల కొండలో మంచు రేకు ఉన్న గుర్తు వేరు. దానికి టైరు మంచుపై పరీక్షలో నెగ్గాలి. ఉత్తర అమెరికా పద్ధతిలో అది ప్రామాణిక టైరు కన్నా కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపాలి. అయితే అక్కడ కొలిచేది ముందుకు లాగే పట్టునే. గాజుమంచుపై ఎలా ఆగుతుందన్నది ఆ గుర్తు చెప్పదు. కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు తప్పనిసరి.

మన దేశంలో చాలా ప్రాంతాలకు మంచు సమస్య కాదు. ఇక్కడ అసలు ముప్పు వానే. అందులోనూ తొలకరి మరీ ప్రమాదం. ఎండాకాలమంతా రోడ్డుపై పేరుకున్న నూనె, దుమ్ము, రబ్బరు పొడి మొదటి జల్లుకు జిగట పొరలా మారతాయి. మనాలి, లేహ్, శ్రీనగర్‌లకు చలికాలంలో సొంత బండిలో వెళ్లేవారి సంగతి వేరు. మైదానాల ఎండకూ వానకూ తగిన టైర్లు అక్కడి మంచుపై చాలవు, గొలుసులు కావాల్సి వస్తుంది. ఫోర్ బై ఫోర్ బండి ఉంటే చాలన్న నమ్మకమూ సరికాదు. నాలుగు చక్రాలకూ శక్తి అందితే బండి తేలిగ్గా కదులుతుంది, అంతే. ఆగడానికి మాత్రం ఏ కారుకైనా ఆ నాలుగు అరచేతుల పట్టే దిక్కు.

చలికి టైరులో గాలి కూడా తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద 33 పీఎస్ఐ నింపిన టైరులో మైనస్ 10 డిగ్రీలకు 27 పీఎస్ఐ మాత్రమే మిగులుతుంది. వానాకాలానికీ చలికాలానికీ ముందు గాడుల లోతు, గాలి చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ తర్వాత చేయాల్సిందల్లా వేగం తగ్గించడమే. ఆగే దూరం వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, వేగం సగానికి తగ్గిస్తే ఆ దూరం నాలుగో వంతుకు పడిపోతుంది. ఏ టైరూ ఇవ్వలేని భద్రత అది.