గోడ బీటకు గిలాబు చాలదు.. మూలలకు పట్టీ కావాలి

2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నరకు ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ ఊపు విజయవాడ, జగ్గయ్యపేట దాకా తెలిసింది. అంతకుముందు 2020 జనవరి 26న, అందరూ నిద్రలో ఉన్న వేళ, జగ్గయ్యపేట, నందిగామ వైపు భూమి కంపించింది. రెండుసార్లూ ప్రాణాలు పోలేదు, అల్హందులిల్లాహ్. కానీ జి.కొండూరు చుట్టుపక్కల ఇంకా మట్టితో, సున్నంతో కట్టిన పాత గోడల మధ్య కాపురం ఉండేవాళ్లు ఈ విషయం తెలుసుకోవాలి.

1993లో మహారాష్ట్రలోని కిల్లారిలో 6.2 తీవ్రతకే సుమారు పదివేల మంది చనిపోయారు. మట్టితో పేర్చిన లావు రాతి గోడలు, వాటిమీద బరువైన మట్టి మిద్దెలు నిద్రలో ఉన్నవాళ్ల మీద పడ్డాయి.

గోడ పైనుంచి పడే బరువును బాగానే మోస్తుంది. పక్కకు ఊపితే మాత్రం తట్టుకోలేదు. ముందు మూలలు విడిపోతాయి, తర్వాత గోడ బయటకు పడుతుంది, దాంతో కప్పు కూలుతుంది. బీట మీద కొత్త గిలాబు చేయిస్తే పగులు కనపడదు, అంతే. గోడలు కలవవు.

బండి చక్రానికి ఇనుప పట్టా వేసినట్టు గోడలన్నిటినీ కలిపి బిగించాలి. ఇందుకు కార్బన్ లేదా గాజు పీచు గుడ్డను ఎపాక్సీ జిగురుతో అంటించే పద్ధతి ఉంది. అది పలచగా ఉంటుంది, చాలా బలం. కానీ ఖరీదెక్కువ. చెమ్మ గోడకు, మట్టి గోడకు సరిగా అంటదు, వేడికి మెత్తబడుతుంది.

మన ఇళ్లకు అందుబాటులో ఉండేది వెల్డ్ మెష్ పట్టీ. ముందు సన్న బీటల్లోకి సిమెంటు పాలు ఎక్కించాలి. తర్వాత మూలల్లో నిలువుగా, గుమ్మాల పైభాగంలో ఇల్లంతా చుట్టూ గిలాబు కొట్టేసి, సందులు గీకి, నీళ్లతో తడపాలి. మెష్‌ను మేకులతో బిగించి, ఒకటికి మూడు పాళ్ల సిమెంటు మాలు పట్టించాలి. లోపలా బయటా రెండు వైపులా వేసి, గోడలోంచి కలపాలి. ఆ తర్వాత కనీసం వారం పది రోజులు నీళ్లు పట్టాలి.

బీట చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. గీత దాటి పెరుగుతుంటే పునాది కుంగుతున్నట్టు అనుమానించాలి, ముందు అది సరిచేయించాలి. మూల విడిపోయినా, గోడ ఉబ్బినా మేస్త్రి మాట ఒక్కటే చాలదు, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలవాలి. జుమాకు వందలమంది చేరే పాత మసీదు విషయంలో కమిటీ పెద్దలు రంగులకన్నా ముందు ఈ పని చూడాలి.