విదేశ సంస్థల హైదరాబాదు కార్యస్థానములు



నేను మన్సూరాబాదున కాపురమున్నవాడను. విజయవాడ బాటను హైదరాబాదు చేరువారికి లాల్‌బహదూర్ నగరు కూడలి నగరద్వారము వంటిది. మా పేట ఆ కూడలికి చేరువనే యున్నది. ఒకప్పుడిది చెరువును పొలములును గల పల్లె. 2007వ సంవత్సరమున లాల్‌బహదూర్ నగరు పురపాలక సంఘము మహానగరమున కలిసినది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము వైపులనుండి వచ్చి స్థిరపడినవారు మా వీధులలో పెక్కురు కలరు. పల్లెనుండి పనిమీద వచ్చు బంధువులు మొదట దిగునది మా యిండ్లలోనే.

ఆ విధముననే మా పెదతండ్రిగారి కుమారుడు నల్లగొండ జిల్లానుండి మా యింటికి వచ్చెను. ఆయన డెబ్బదియేండ్ల రైతు. ఆయన మనుమడు ఇంజనీరింగు చదివి, దిల్‌సుఖ్‌నగరులో మరికొంత శిక్షణ పొంది, యుద్యోగము సంపాదించినాడు. భోజనానంతరము అన్నగారు నన్నిట్లడిగెను: "తమ్ముడా, పిల్లవాడు అమెరికా కంపెనీలో పని యనుచున్నాడు. అమెరికాకు మాత్రము పోలేదు. మధ్యాహ్నము బయలుదేరి నడిరేయి యిల్లు చేరుచున్నాడు. ఈ కంపెనీ ఎవరిది? ఎన్నాళ్లుండును? రెండెకరములమ్మి వానికి ఇక్కడ ఇల్లు కొనుమని ఇంటిలో అందరును చెప్పుచున్నారు. అమ్మవచ్చునా?"

ఆ ప్రశ్నకు నేను చెప్పిన సమాధానమునే నేడు మీకును విన్నవింతును. ఏలనన, ఇట్టి ప్రశ్న నేడు అనేక గృహములలో పుట్టుచున్నది.

మొదట ఈ కార్యస్థానములు ఏమియో చూతము. అమెరికాలోనో ఐరోపాలోనో ఉన్న ఒక పెద్ద బ్యాంకు గాని, మందుల కంపెనీ గాని, అంగడి గాని తన లెక్కలు వ్రాయుట, కంప్యూటరు కార్యక్రమములు కూర్చుట, క్రొత్త సరకుల నమూనాలు తయారుచేయుట మొదలగు పనులను మన దేశమున చేయించుకొనును. ఇట్లు పని జరుగు స్థానమునకు నేటి వ్యవహారమున గ్లోబల్ కేపబిలిటీ సెంటర్ అని పేరు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అను అమెరికా సంస్థ బెంగుళూరున ఇట్టి కేంద్రమును స్థాపించి దారి చూపెను. మన హైదరాబాదున మైక్రోసాఫ్టు సంస్థ 1998లో తన అభివృద్ధి కేంద్రమును తెరచెను. ఆ యేడే మాదాపురమున సైబర్ టవర్స్ భవనమును అప్పటి ప్రధాని వాజపేయిగారు ప్రారంభించిరి. 2019లో అమెజాన్ సంస్థ గచ్చిబౌలి ప్రాంతమున పదునైదు వేల మంది కూర్చుండదగిన భవనమును కట్టెను. 2024 నాటి లెక్కల ప్రకారము దేశమంతట ఇట్టి కేంద్రములు 1,700కు పైగా కలవు. వానిలో పనిచేయువారు సుమారు 19 లక్షలమంది.

ఇంతమందికి పని యిచ్చుటకు కారణమేమి? జీతముల తేడా మొదటి కారణము. చదివినవారు వేలకొలది ఒక్కచోట దొరకుట రెండవది. న్యూయార్కున సాయంకాలమగు సరికి ఇచ్చట తెల్లవారును గనుక రాత్రింబవళ్లు పని సాగుట మూడవది. అన్నగారి మనుమడు మధ్యాహ్నము బయలుదేరుటకు కూడ ఈ కాలభేదమే కారణము. అచ్చటివారు నిద్ర లేచి కచేరీకి వచ్చు వేళకు ఇతడు వారితో మాటలాడవలెను.

ఇక అసలు విషయము. పని ఇచ్చటికి వచ్చుట ఒక్కటే యైనను, అది వచ్చు మార్గములు నాలుగు. వీనిని తెలిసికొనుటకు మన పొలము చాలును.

మొదటిది సొంత సేద్యము. యజమాని తానే భూమి కొని, తన ఎద్దులను కట్టి, జీతగాండ్రను పెట్టుకొనును. అట్లే విదేశసంస్థ ఇచ్చట తన పేరనే ఒక కంపెనీని నమోదు చేయించి, తన మనుష్యులను తానే నియమించుకొనును.

రెండవది గుత్త. పొలము నొకరికి అప్పగించి, "ఇంత పని చేయించుము, ఇంత సొమ్ము పుచ్చుకొనుము" అనుట. విదేశసంస్థ మన దేశపు సేవాసంస్థకు పనిని గుత్తకిచ్చును. పనివారు గుత్తదారుని ఉద్యోగులు. యజమాని ఉద్యోగులు కారు.

మూడవది పాలు. ఇద్దరు కలిసి పెట్టుబడి పెట్టి ఫలమును పంచుకొనుట. తెలంగాణమున దీనిని బటాయి అనియు అందురు.

నాల్గవది తోట వేసి అప్పగించుట. తెలిసినవాడొకడు మొక్కలు నాటి, నీరు పోసి, కాపుకు వచ్చువరకు పెంచి, పిమ్మట యజమాని చేతికిచ్చును. ఊరు, చట్టములు, మనుష్యులు తెలియని విదేశసంస్థకు ఇది సులభమైన మార్గము.

ఈ నాలుగును కాగితముమీది విభాగములు కావు. వాని వెనుక మన యెదుట జరిగిన చరిత్ర యున్నది. మా పేటనుండి కొద్ది దూరమున నున్న ఉప్పల్‌లో జెన్‌పాక్ట్ అను సంస్థ కార్యాలయము కలదు. ఈ సంస్థ మొదట జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారి సొంత సేద్యము. 1997లో గుర్‌గావున మొదలై, ఆ కంపెనీ లెక్కలను మాత్రమే చూచుచుండెను. 2004 చివర జనరల్ ఎలక్ట్రిక్ వారు దీనిలో నూటికి అరువది వంతులను 50 కోట్ల డాలర్లకు అమ్మివేసిరి. 2005నుండి అది వేరుపడి, పలువురు యజమానులకు పని చేయు గుత్తదారు సంస్థగా మారెను.

పాలు పద్ధతికి తెలుగువారి నిదర్శన మొకటి కలదు. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ వారును, అమెరికాలోని డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ వారును కలిసి 1994లో మదరాసున ఒక సంస్థను స్థాపించిరి. దానిలో సత్యమువారి వంతు నూటికి ఇరువది నాలుగు మాత్రమే. తరువాత దానినికూడ వదలుకొనిరి. ఆ సంస్థయే నేటి కాగ్నిజెంట్.

ఇప్పుడు మూడవ కథను వినుడు. స్విట్జర్లాండు బ్యాంకు యు.బి.ఎస్. హైదరాబాదున సొంత కేంద్రమును పెట్టెను. 2009లో దానిని సుమారు రెండువేల ఉద్యోగులతో సహా 7 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్మెను. కొన్నవారెవరు? ఆ కాగ్నిజెంటువారే. ఒకప్పుడు హైదరాబాదు సంస్థకు పాలున్న కంపెనీ హైదరాబాదులోని కేంద్రమును కొనినది! కొన్నేండ్లకు ఆ బ్యాంకు మన దేశమున మరల సొంత కేంద్రములు పెట్టుకొనెను. సొంత సేద్యము గుత్తయై, గుత్త మరల సొంత సేద్యమైనది.

తోట పద్ధతికి ఇంగ్లండు బీమాసంస్థ అవీవా ఉదాహరణము. బయటి సంస్థలచేత కేంద్రములు కట్టించి, నడిపించి, తన చేతికి తీసికొని, 2008లో వానిని డబ్ల్యు.ఎన్.ఎస్. అను సంస్థకు అమ్మివేసెను. కాపుకు వచ్చిన తోటను కూడ యజమాని అమ్ముకొనవచ్చునని దీనివలన తెలియుచున్నది.

యజమానులేల ఇట్లు మార్చుచుందురు? పనిలో తమ వ్యాపార రహస్యము, తమ తెలివి ఇమిడియున్నచో దానిని పరుల చేతికియ్యరు, సొంతముగ నుంచుకొందురు. అందరికిని సామాన్యమైన లెక్కల పనియైనచో చవకగా చేయు గుత్తదారునికిత్తురు. సొమ్ము అవసరమైనచో కేంద్రమునే అమ్ముదురు. 2009 నాటికి ప్రపంచ బ్యాంకులు నష్టములలో మునిగియుండెను. ఆ కాలమున హైదరాబాదులోని కుర్చీలు, మేజాలు, మనుష్యులు, అన్నియు యథాస్థానముననే యుండగా యజమాని పేరు మాత్రము మారెను.

సొంత కేంద్రములకు సొమ్ము వచ్చు తీరునుకూడ తెలిసికొనుట మంచిది. ఇచ్చటి కేంద్రము సరకును బజారున అమ్మదు. దాని ఖర్చునంతటిని విదేశమున నున్న తల్లిసంస్థ యిచ్చి, ఆ పైని కొంత లాభము చేర్చును. నూరు రూపాయలు ఖర్చైనచో, మాటకు, నూట పది యిచ్చుననుకొందము. ఆ పది రూపాయలమీద మన ప్రభుత్వమునకు పన్ను చెల్లవలెను. లాభమును మరీ తక్కువ చూపి పన్ను తగ్గించుకొనకుండ 2001లో మన పార్లమెంటు చట్టమున ప్రత్యేక నిబంధనలు చేర్చెను. అయితే మన పిల్లలు క్రొత్తగా ఏదేని కనిపెట్టినచో దాని హక్కు సాధారణముగ తల్లిసంస్థదే. పోచంపల్లి మగ్గమును తలచుకొనుడు. షావుకారు నూలిచ్చును, నేతగాడు నేయును, చీర షావుకారుదగును. చేతికి కూలి దక్కును, పనితనము దక్కును, చీర దక్కదు.

పనితనము దక్కుననుట చిన్న మాట కాదు. తొలుత ఈ కేంద్రములకు వచ్చినది పురమాయించిన పని మాత్రమే. "ఇట్లు చేయుము" అని అచ్చటినుండి వ్రాసి పంపగా ఇచ్చటివారు చేసెడివారు. పిమ్మట పనిని నడుపు భారము వచ్చినది. ఇప్పుడు కొన్ని కేంద్రములలో ఏమి చేయవలెనో నిర్ణయించు అధికారముకూడ ఇచ్చటనే యున్నది. మొదటిది నేతపని, కడపటిది అద్దకపు నమూనా గీయుట. పురమాయించిన పనిని యంత్రము సైతము నేర్చుకొనుచున్న కాలమిది. నిర్ణయించు చోట పనిచేయువానికి నిలకడ యెక్కువ.

ఇంకొక చిక్కు. ఇట్టి కేంద్రములలో ఉద్యోగికి తరచుగ ఇద్దరు పెద్దలుందురు. జీతము, సెలవు, కూర్చుండు చోటు చూచువాడు హైదరాబాదున నుండును. పనిని మెచ్చువాడో తప్పుపట్టువాడో సముద్రముల కావల నుండును. ఇచ్చటి పెద్దకు నిజమైన అధికారమున్నచో కేంద్రము వేరూనును. లేనిచో అచ్చటి యొక్క ఉత్తరువుతో ఒక విభాగమంతయు లేచిపోవచ్చును.

అన్నగారు ఇదంతయు విని, "అయితే మావానిది ఏ సేద్యము?" అనెను. ఆ రాత్రి పిల్లవాడు ఇల్లు చేరినపిదప నాలుగు ప్రశ్నలడిగితిమి. నియామక పత్రముమీద ఎవరి పేరున్నది? నీ పనిని నిర్ణయించువా రెక్కడ నున్నారు? ఆ పనికి గడువున్నదా? ఉద్యోగమునకై ఎవరికైన సొమ్ము చెల్లించితివా?

పిల్లవాడు దాచక చెప్పెను. మెడలోని గుర్తుబిళ్ల అమెరికా కంపెనీది. నియామక పత్రము వేరొక గుత్తదారుది. పని పదునెనిమిది నెలల ఒడంబడిక. సొమ్మెవరికిని ఈయలేదు. ఈ కడపటి మాటకు నేను సంతోషించితిని. ఏలనన, మా ప్రాంతముననే ఒకడు ఉద్యోగమిప్పింతునని మూడు కుటుంబములవద్ద సొమ్ము గైకొని కనబడకుండ పోవుట నేనెరుగుదును. నిజమైన కేంద్రము ఉద్యోగమిచ్చుటకు అభ్యర్థినుండి పైకము కోరదు. దీనిని మీ ఊరివారందరికిని చెప్పుడు.

పిల్లవాడు అబద్ధమాడలేదు, తాను కూర్చుండు మేడ ఎవరిదో వారి పేరు చెప్పినాడు. మనమే గుత్తను సొంత సేద్యమని తలచితిమి. గుత్తపని నీచమును కాదు. దానిలోనే నేర్చి, సొంత కేంద్రములలో చేరినవారు అనేకులున్నారు. కాని పదునెనిమిది నెలల కొలువును నమ్మి ఇరువదియేండ్ల ఇంటి అప్పు చేయుటయు, తరతరముల భూమి నమ్ముటయు తొందరపాటు. అన్నగారు భూమి నమ్మలేదు. ఇల్లు కొనుట వాయిదా వేసి, మా పేటలోనే ఒక గది అద్దెకు తీసికొనిరి. లాల్‌బహదూర్ నగరునుండి అమీర్‌పేటకు 2018లోను, అచ్చటినుండి హైటెక్ సిటీకి 2019లోను మెట్రో రైలు నడచినందున, ప్రయాణము మునుపటంత కష్టము కాదు.

పని యంతయు పడమటనే కూడుకొనుటచే తూర్పువారికి ఈ ప్రయాణము తప్పినది కాదు. 2020లో తెలంగాణ ప్రభుత్వము కంపెనీలను నగరపు ఇతర దిక్కులకును పంచవలెనని గ్రిడ్ అను విధానమును చేసినది. ఉప్పల్, పోచారముల వైపు కొన్ని కార్యాలయములున్నవి. మరికొన్ని వచ్చిన, మా పేట పిల్లలు వెలుగుండగనే ఇల్లు చేరుదురు.

పెద్దలారా, దూరపు యజమాని మంచివాడా చెడ్డవాడా అనుట కాదు ప్రశ్న. అతడు మన పిల్లవానితో ఏ ఒడంబడిక చేసికొన్నాడో తెలిసికొనవలెను. కౌలు కాగితము చదువక పొలమున నాగలి పెట్టువారు మనలో లేరు. మనుమని నియామక పత్రమునుకూడ అట్లే చదివించుకొని వినుడు. భూమిని గూర్చిన నిర్ణయము అటుపిమ్మట చేయుడు.

సెలవు.